చలమూ అచలమూ: తిరిగి వచ్చే గురిపై ఒక విచారణ

రైఫిల్‌పై అమర్చే దుర్భిణిని, అంటే దూరపు లక్ష్యాన్ని దగ్గరగా చూపి గురికి తోడ్పడే కటకాల గొట్టాన్ని, తుపాకికి శాశ్వతంగా బిగించాలా లేక చేతి మీటతో క్షణంలో తీసి మళ్లీ పెట్టుకునేలా అమర్చాలా అన్నది ఆయుధాలు వాడేవారి మధ్య చాలాకాలంగా నలుగుతున్న చర్చ. కదలనిదే నమ్మదగినదని ఒక పక్షం వాదిస్తుంది. కదిలినా తన చోటికి తప్పకుండా తిరిగి రాగలిగినది కదలనిదానికి ఏమాత్రం తీసిపోదని రెండో పక్షం చెబుతుంది. నమ్మకానికి ఆధారం నిశ్చలత్వమా, పునరాగమనమా అన్న ఈ ప్రశ్నను ఆలయంలో మూలమూర్తికీ ఉత్సవమూర్తికీ గల సంబంధాన్ని నిర్వచించిన ఆగమకారులు మరో రూపంలో ఎదుర్కొన్నారు. చూసిన వస్తువునే మళ్లీ చూస్తున్నామన్న గుర్తింపు ఎంతవరకు ప్రమాణమని తర్కించిన నైయాయికులూ బౌద్ధులూ ఎదుర్కొన్నారు. గర్భగుడిలోని లింగాన్ని కాక మెడలోని లింగాన్ని ఆశ్రయించిన వీరశైవులు తమ జీవితంతోనే దానికి సమాధానం చెప్పారు. పరిగి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో ఈ సంప్రదాయాలు పక్కపక్కనే బతికాయి గనుక, ఆ సీమను ఆధారంగా చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం సమంజసం.

ముందుగా సాంకేతిక విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. తూటా వెళ్లే గొట్టపు అక్షమూ, దుర్భిణిలోంచి సాగే చూపు రేఖా రెండు వేర్వేరు గీతలు. నిర్ణీత దూరంలో తూటా పడే చోటూ చూపు రేఖ తాకే చోటూ ఒకే బిందువయ్యేలా సరిచేయడాన్ని సైనికులు జీరో చేయడం అంటారు. ఈ సర్దుబాటు ఎంత సున్నితమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. దుర్భిణిని మోసే పాదం పొడవు 100 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని ఒక కొన 0.03 మిల్లీమీటర్లు, అంటే సన్నని వెంట్రుక మందం కన్నా తక్కువ, పైకి లేచినా తూటా 100 మీటర్ల దూరంలో 3 సెంటీమీటర్లు, 300 మీటర్ల దూరంలో 9 సెంటీమీటర్లు పైకో కిందికో పడుతుంది. స్థిరమైన బిగింపులో ఉక్కు పాదాన్ని మరమేకులతో తుపాకి శరీరానికి కలిపి, దుర్భిణి గొట్టాన్ని రెండు కడియాలలో బంధించి, ప్రతి మరనూ కొలత చూపే పానాతో నిర్ణీత బలానికి తిప్పి, అది వదులు కాకుండా మరచుట్లలో జిగురు కూడా వేస్తారు. విడదీయగల బిగింపులో పాదం ఒక పట్టాపై కూర్చుని, మీట తిప్పగానే బిగుసుకుంటుంది; పనిముట్టు అక్కర్లేదు, రెండు మూడు సెకన్లలో దుర్భిణి చేతికి వస్తుంది. అమెరికాలోని పికటినీ ఆయుధాగారం పేరుతో 1995లో ప్రమాణీకరించిన గాళ్ల పట్టా ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. ఆ పట్టాపై దాదాపు 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డంగా గాళ్లుంటాయి. దుర్భిణిని తీసిన గాడిలోనే మళ్లీ పెట్టాలి, మీట మూసేముందు పాదాన్ని గొట్టపు కొనవైపు నొక్కి పట్టాలి. తుపాకి పేలినప్పుడు అది వెనక్కి తంతుంది, బరువైన దుర్భిణి మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది గనుక పాదం ముందుకు జరగబోతుంది. గాడి ముందుగోడకు ముందే ఆని ఉంటే జరగడానికి చోటు దొరకదు. ఈ చిన్న విధిని పాటించినవారికి మంచి బిగింపు దాదాపు పాత బిందువుకే తిరిగి వస్తుంది, పాటించనివారికి ఎంత ఖరీదైన బిగింపైనా మాట నిలుపుకోదు.

విడదీయగల బిగింపు ఎందుకు అవసరమైందన్న దానికి భారత సైన్యమే మంచి ఉదాహరణ. సోవియట్ సైన్యం 1963లో స్వీకరించిన, భారత సైన్యం దశాబ్దాలుగా వాడిన ద్రగునోవ్ రైఫిల్‌కు ఎడమవైపు ఒక పట్టా ఉంటుంది. లక్ష్యాన్ని నాలుగు రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణి ఆ పట్టాపై జారి మీటతో బిగుసుకుంటుంది. అద్దం పగిలినా మసకబారినా గొట్టం మీది ఇనుప సైట్లతో, అంటే కటకాలు లేని గురిగుర్తులతో, పని జరుగుతుంది. రాత్రిచూపు పరికరాల సంగతీ అంతే. 1926లో బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలిసిన మచిలీపట్నం కర్మాగారం సైనికుల రైఫిళ్లకు రాత్రిచూపు సైట్లను తయారుచేస్తోంది. వీటిని చీకటి పడ్డాక పెట్టి తెల్లవారాక తీయవలసి ఉంటుంది గనుక, అక్కడ స్థిరమైన బిగింపు ఆదర్శం కావచ్చు గాని ఆచరణ కాలేదు. అదే సంస్థ శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర కొత్త కర్మాగారం కోసం స్థలం తీసుకున్నందువల్ల, ఒకప్పుడు విజయనగర సైన్యాలు నడిచిన ఈ నేలకు ఆధునిక ఆయుధ విద్య మళ్లీ పొరుగు కాబోతోంది.

ఇక ఆగమశాస్త్రం దగ్గరికి రావాలి. దేవాలయ నిర్మాణం, ప్రతిష్ఠ, పూజ మొదలైనవాటిని విధించే గ్రంథాలను ఆగమాలంటారు. వైష్ణవంలో వైఖానసం, పాంచరాత్రం అనే రెండు శాఖలున్నాయి, శైవానికి వేరే ఆగమాలున్నాయి. ఇవి మూర్తులను అచలం, చలం, చలాచలం అని మూడు తెగలుగా విభజించాయి. పీఠానికి బంధించి, ఎన్నడూ కదల్చని మూలమూర్తి అచలం. దానికే ధ్రువబేరమని పేరు; బేరం అంటే మూర్తి. పల్లకిలో, రథంలో, వాహనంపై బయటికి తీసుకెళ్లే లోహమూర్తులు చలం. మూలమూర్తిగా ఉంటూనే సందర్భాన్ని బట్టి కదిలేది చలాచలం. గర్భాలయంలో అర్చనలందుకునే దారుమూర్తే రథమెక్కి బయటికి వచ్చే పూరీ జగన్నాథుడి సంప్రదాయం దీనికి దగ్గరి ఉదాహరణ. తిరుమలలో ఈ వ్యవస్థ పంచబేరాల రూపంలో పూర్తిగా కనిపిస్తుంది. నిలువెత్తు మూలవిరాట్టు ధ్రువబేరం; నిత్యాభిషేకమూ ఏకాంతసేవా అందుకునే భోగశ్రీనివాసుడు కౌతుకబేరం; ఉగ్రశ్రీనివాసుడు స్నపనబేరం; మలయప్పస్వామి ఉత్సవబేరం; కొలువు శ్రీనివాసుడు బలిబేరం. ఒకప్పుడు ఉత్సవాలకు వెళ్లినవాడు ఉగ్రశ్రీనివాసుడేనని, ఆ స్థానం తర్వాత మలయప్పకు వచ్చిందని ఆలయ సంప్రదాయం చెబుతుంది. నేడు ఉగ్రశ్రీనివాసుడు ఏడాదికొక్కసారి, కైశికద్వాదశినాడు, సూర్యోదయానికి ముందే వీధుల్లోకి వచ్చి లోపలికి వెళ్లిపోతాడు.

ఈ విభజనలో ఆధునిక పాఠకుడు గమనించవలసినది, చలమూర్తికి స్వతంత్రమైన అధికారం ఆగమం ఇవ్వలేదన్న సంగతి. భోగశ్రీనివాసుడు ఒక పవిత్రసూత్రంతో మూలవిరాట్టుకు అనుసంధానమై ఉంటాడు. ఉత్సవమూర్తి బయటికి వెళ్లేముందు మూలమూర్తి అనుమతిని, శక్తిని స్వీకరించడమూ, తిరిగి వచ్చాక దాన్ని మూలంలో నిలపడమూ పూజావిధిలో భాగాలు. అంటే కదిలేదానికి ప్రామాణ్యం కదలనిదాని నుంచి వస్తుంది, ఆ వెళ్లడం తిరిగి రావడంతో ముడిపడి ఉంటుంది. విడదీయగల బిగింపులోనూ నమ్మకం మీటలో లేదు. తుపాకి శరీరంతో ఏకఖండంగా, గాళ్ల అంచులు అరగకుండా ఉన్న పట్టాలో ఉంది. పట్టా వదులైతే ఎంత గొప్ప మీటైనా తిరిగి చేరడానికి చోటే ఉండదు. కదలికను అనుమతించినవారు అచలాన్ని తక్కువ చేయలేదని, దానిమీద మరింత భారం మోపారని ఇక్కడ గ్రహించాలి.

అయితే అచలం నిజంగా అచలమేనా? ఈ సందేహాన్ని లేవనెత్తడానికి నాస్తికుడు అక్కర్లేదు, ఆగమమే దాన్ని లేవనెత్తింది. మూలమూర్తిని పీఠంతో కలిపే బంధం రాయీ రాయీ కాదు; లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న వంటి ఎనిమిది పదార్థాలను దంచి కలిపిన ముద్ద, దాని పేరు అష్టబంధనం. అభిషేకజలం, దీపాల వేడి, కాలం ఆ బంధాన్ని పగుళ్లు పరుస్తాయి గనుక పన్నెండేళ్లకొకసారి దాన్ని తొలగించి కొత్తగా వేయాలని విధి ఉంది. తిరుమలలో 2018 ఆగస్టులో ఇటువంటి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరిగింది. ఆ రోజుల్లో మూలమూర్తిలోని దివ్యశక్తిని కళాకర్షణ అనే క్రియతో కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక సన్నిధిలో పూజించి, పని ముగిశాక తిరిగి మూలమూర్తిలో ప్రతిష్ఠించారు. ఎన్నడూ కదలనిదని లోకం నమ్మే సన్నిధి కూడా ఒక క్రమంలో విడివడి, ఒక క్రమంలో తిరిగి చేరుతుందన్నమాట. ఆ క్రమాన్ని దాచిపెట్టకుండా పండుగగా చేయడం ఆగమకారుల సత్యసంధత. తుపాకి శాస్త్రంలో ఇంతటి నిజాయితీ తక్కువగా కనిపిస్తుంది. స్థిరమైన బిగింపును ఎంచుకున్నవారిలో చాలామంది ఒకసారి మరలు తిప్పి, జిగురు వేసి, ఇక తమ గురి శాశ్వతమనుకుంటారు. కాని ప్రతి తూటా తన్నూ, జీపు ప్రయాణంలోని కుదుపూ, సీమ ఎండలో ఉక్కూ అల్యూమినియమూ వేర్వేరుగా వ్యాకోచించడమూ ఆ మరల మీద పనిచేస్తూనే ఉంటాయి. విడదీయగల బిగింపు తన కదలికను బాహాటంగా ఒప్పుకుంటుంది గనుక యజమాని దాన్ని పరీక్షిస్తాడు. స్థిరమైనది కదిలినప్పుడు చెప్పదు. మర తల మీదుగా పాదం మీదికి ఒక సన్నని రంగుగీత గీసి, ఆ గీత తెగిందో లేదో అప్పుడప్పుడు చూసుకునే అలవాటు అనుభవజ్ఞులకు ఉన్నది ఈ కారణంవల్లనే, అది ప్రతి ఆయుధశాలలోనూ ఉండదగిన అలవాటు.

లేపాక్షి వీరభద్రాలయంలోని వేలాడే స్తంభం ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి విరూపన్న కట్టించిన ఆ మండపంలో, చుట్టూ ఉన్న స్తంభాల వంటిదే అయిన ఒక స్తంభం అడుగుభాగం నేలను పూర్తిగా తాకదు. కిందినుంచి పలుచని వస్త్రాన్ని దూర్చి లాగవచ్చు. దూరం నుంచి చూసినవారెవరూ దాన్ని అస్థిరమనరు. ఆలయానికి కొంతదూరంలో ఏకశిలను మలిచిన నంది, దాదాపు 27 అడుగుల పొడవూ 15 అడుగుల ఎత్తూ ఉన్నది, నాగలింగం వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంటుంది. శివాలయాల్లో నంది కొమ్ముల మధ్య నుంచి లింగాన్ని దర్శించడం తెలుగునాట ప్రసిద్ధమైన ఆచారం. రెండు కొమ్ముల సందూ దూరాన ఉన్న లింగమూ భక్తుడి కన్నూ ఒకే రేఖలోకి రావాలి. పాతకాలపు రైఫిల్ మీద వెనుక సైటు గాడిలోంచి ముందు సైటు మొనను లక్ష్యంతో కలిపి చూడడం వెనుక ఉన్న జ్యామితి సరిగ్గా ఇదే. నందీ లింగమూ అచలాలు; రోజూ వచ్చి వెళ్లేది మనిషి. తనను తాను ఆ రేఖలో మళ్లీ మళ్లీ నిలుపుకోవలసిన బాధ్యత కూడా అతడిదే.

చలమూర్తి విషయంలో అతికఠినమైన పరీక్ష దక్షిణదేశ చరిత్రలో శ్రీరంగానికి ఎదురైంది, ఆ కథలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. 14వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఢిల్లీ సుల్తానుల సైన్యాలు శ్రీరంగాన్ని ముట్టడించినప్పుడు, శేషశయనుడైన మూలమూర్తిని తరలించే వీలు లేదు గనుక సన్నిధికి అడ్డంగా గోడ కట్టి దాచారు. ఉత్సవమూర్తిని మాత్రం భక్తులు భుజాలపై మోసుకుని ఊళ్లు దాటించి, చివరికి తిరుమల చేర్చారు. తిరుమల ఆలయంలోని రంగనాయకుల మండపానికి ఆ పేరు వచ్చింది శ్రీరంగనాథుడి ఉత్సవమూర్తి అక్కడ తలదాచుకున్నందువల్లనే. విజయనగర సామ్రాజ్యపు సేనాని గోపన్న ఆ మూర్తిని తొలుత సెంజికి, తర్వాత 1371లో శ్రీరంగానికి చేర్చాడు. ఇంతవరకు ఇది శాసనాలు బలపరిచే చరిత్ర. ఇక్కడినుంచి శ్రీరంగ సంప్రదాయం చెప్పే ఘట్టం తాత్త్వికంగా ఎక్కువ విలువైనది. ప్రవాసకాలంలో శ్రీరంగంలో మరో ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించి పూజిస్తూ వచ్చారు గనుక, వచ్చినవాడు అసలువాడేనా అన్న ప్రశ్న పుట్టింది. పాతమూర్తిని చూసి ఎరిగినవారు మిగలలేదు. అప్పుడు స్వామివస్త్రాలను ఉతికిన ఒక వృద్ధ రజకుడు, చూపు పోయినవాడు, ముందుకు వచ్చి, రెండు మూర్తులకూ అభిషేకం చేయించి, ఆ తడివస్త్రాల నుంచి పిండిన తీర్థాన్ని పుచ్చుకుని, రుచినీ పరిమళాన్నీ బట్టి తిరిగి వచ్చినవాడే తమ పెరుమాళ్లని తేల్చాడు. నంపెరుమాళ్లు అన్న పేరు ఆ స్వామికి అలా స్థిరపడిందని వైష్ణవులు చెప్పుకుంటారు. కొత్తగా చేయించుకున్న మూర్తిని వారు పారవేయలేదు, ఆయనకూ సన్నిధిలో స్థానమిచ్చారు.

ఆ రజకుడి సాక్ష్యాన్ని భక్తికథగా మాత్రమే చదవడం అన్యాయం, ఎందుకంటే దానిలో ప్రమాణశాస్త్రానికి సంబంధించిన లోతైన సూచన ఉంది. తిరిగి వచ్చినది అదేనా అని నిర్ణయించే అధికారం సేనాని గోపన్నకు ఉన్నట్టు ఆ కథ చెప్పదు. ఆలయాధికారులకు ఉన్నట్టూ చెప్పదు. రోజూ ఆ వస్త్రాలను చేత పట్టి ఉతికిన మనిషికి ఉన్నట్టు చెబుతుంది. రైఫిల్ గురి విషయంలోనూ కర్మాగారం ఇచ్చే హామీపత్రం, బిగింపు తయారుచేసినవారి ప్రచారం, ఆయుధశాల అధికారి సంతకం గురి తిరిగి వచ్చిందని తేల్చలేవు. తుపాకిని భుజానికి ఆన్చే తీరు, చెంపను కర్రకు ఆన్చే ఎత్తు, మీటను తిప్పే చేతిబలం ఒక్కో మనిషికి ఒక్కో విధంగా ఉంటాయి గనుక, జీరో ఆ తుపాకిదీ ఆ దుర్భిణిదీ మాత్రమే కాదు, ఆ మనిషిది కూడా. ఒకరు సరిచేసిన తుపాకిని మరొకరు పట్టుకుంటే తూటా పక్కకు పడడం అందరికీ తెలిసిన అనుభవమే.

ఈ ప్రశ్ననే తర్కభాషలో చెప్పాలంటే ప్రత్యభిజ్ఞ అనే పదం అవసరమవుతుంది. ఇంతకు ముందు ఎరిగిన వస్తువును మళ్లీ చూసి అదే ఇది అని గుర్తించే జ్ఞానం ప్రత్యభిజ్ఞ. మునుపెక్కడో చూసిన దేవదత్తుడినే ఇక్కడ చూసి వాడే వీడు అనుకోవడం దీనికి శాస్త్రకారులు వాడే నిత్యోదాహరణ. న్యాయదర్శనం ఈ జ్ఞానాన్ని యథార్థంగా అంగీకరించి, వస్తువు కాలంలో నిలిచి ఉంటుందనడానికి దాన్ని ఆధారంగా చూపింది. క్షణికవాదులైన బౌద్ధులు దీన్ని ఒప్పుకోలేదు. వారి మతంలో ప్రతి వస్తువూ క్షణక్షణమూ పుట్టి నశించే ప్రవాహం. మొన్నటి దీపజ్వాలా నేటి దీపజ్వాలా ఒకటేనని అనిపించడం సాదృశ్యం వల్ల కలిగే భ్రమ. ఈ వాదాన్ని బిగింపులకు అన్వయిస్తే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. విడదీసి మళ్లీ పెట్టిన దుర్భిణి పాతదానితో సమానమే గాని అదే కాదని బౌద్ధుడు అంటే, స్థిరవాది సంతోషించనక్కర్లేదు, ఎందుకంటే ఎన్నడూ విప్పని దుర్భిణి కూడా నిన్నటిది కాదని అదే బౌద్ధుడు చెబుతాడు. రెండు బిగింపులకూ మిగిలేది ఒకే పరీక్ష: చేసే పనిలో తేడా ఉందా లేదా. వస్తువు ఉన్నదనడానికి అది ఫలితాన్నివ్వగలగడమే గుర్తు అన్న అర్థక్రియాకారిత్వ సిద్ధాంతం ధర్మకీర్తిది. కాగితంపై పడే తూటా రంధ్రం ఆ సిద్ధాంతానికి పూర్తిగా సమ్మతమైన సాక్ష్యం. నైయాయికుడికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే ఆయన కూడా జ్ఞానం సరైనదో కాదో సఫలమైన ప్రవృత్తిని బట్టే, అంటే దాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని బట్టే, నిర్ధారించాలన్నాడు. తత్త్వంలో ఎన్నటికీ కలవని రెండు పక్షాలు పరీక్ష దగ్గర ఏకీభవించడం ఈ విచారణకు గట్టి ఆధారం.

వీరశైవం ఈ విషయంలో అన్నిటికన్నా సాహసమైన మార్గం తొక్కింది. 12వ శతాబ్దంలో కన్నడదేశంలో బసవేశ్వరుడి నాయకత్వంలో బలపడి, పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా తెలుగులో వేళ్లూనిన ఈ మతం, గుడిలో పాతిన స్థావరలింగానికి బదులు ప్రతి భక్తుడూ ఒంటిపై ధరించే ఇష్టలింగాన్ని ఆరాధ్యంగా నిలిపింది. కన్నడ సరిహద్దును ఆనుకున్న హిందూపురం, పరిగి పల్లెల్లో లింగధారులు నేటికీ ఉన్నారు. గురువు దీక్షలో ఇచ్చిన ఆ లింగాన్ని వస్త్రంలో చుట్టి, లింగకాయ అనే చిన్న వెండి భరిణెలో పెట్టి, దారంతో మెడలో వేసుకుంటారు. పూజవేళ దాన్ని బయటికి తీసి ఎడమ అరచేతిలో ఉంచి అర్చించి, మళ్లీ భరిణెలో చేరుస్తారు. రోజూ తీసి రోజూ పెట్టే ఈ లింగానికి అచలమైన పీఠమేదీ లేదని అనిపిస్తుంది గాని, అది నిజం కాదు. ధరించినవాడి దేహమే దానికి ఆలయం, అందుకే దేహం నుంచి దాన్ని వేరుచేయడం మహాదోషమని ఆ మతం కఠినంగా చెప్పింది. అచలత్వాన్ని రాతినుంచి మనిషి నడవడికలోకి తరలించడం వీరశైవుల ఘనత. ఈ సీమ పల్లెల్లో మొహర్రం నెలలో పెట్టెల్లోంచి తీసి నిలిపి, పండుగ ముగిశాక మళ్లీ భద్రపరిచే పీర్ల విషయంలోనూ, హిందువులూ ముస్లింలూ కలిసి కొలిచే గూగూడు కుళ్లాయిస్వామి విషయంలోనూ ఇదే లక్షణం కనబడుతుంది: సన్నిధి ఏడాది పొడవునా కనిపించదు, కాని సమయానికి తన చోటికి వస్తుందన్న నమ్మకం చెదరదు.

కదిలిన ప్రతిదీ తిరిగి వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని హంపి నుంచి పెనుకొండకు మార్చినప్పుడు అది తాత్కాలికమే కావచ్చునని ఆనాటివారు ఆశించి ఉండవచ్చు. కాని సింహాసనం పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కడినుంచి వేలూరుకు జరిగిందే తప్ప, హంపికి తిరిగి చేరలేదు. చేరవలసిన పీఠమే శిథిలమైపోయింది.

చివరికి ధర్మసందేహం మిగులుతుంది. మూర్తి పక్కకు జరిగితే సంప్రోక్షణ ఉంది, మనస్సు జారితే దాన్ని మళ్లీ మళ్లీ ఆత్మలోకే తెచ్చి నిలుపుకోమని గీత ఆరో అధ్యాయం బోధించిన అభ్యాసం ఉంది. గొట్టం దాటిన తూటాకు మాత్రం పునరాగమనం లేదు. కనుక ఆయుధం విషయంలో తిరిగి వచ్చిందో లేదో తెలియని గురి కేవలం సాంకేతిక లోపం కాదు. ఇక్కడ పెనుకొండ మరో విధంగా దారి చూపుతుంది. దక్షిణాదిన జైనుల ప్రధాన విద్యాస్థానాలలో ఒకటిగా పేరొందిన ఆ ఊళ్లో పార్శ్వనాథుడి ఆలయం నేటికీ ఉంది. జైనుల మూలగ్రంథమైన తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు, ప్రాణహాని జరిగిందన్న ఒక్క అంశంతో ఆగకుండా, దానికి ప్రమాదాన్ని, అంటే ఏమరుపాటుతో కూడిన ప్రవర్తనను, మూలంగా చేర్చింది. జాగ్రత్తగా నడిచేవాడి కాలికింద ఎరగకుండా పడిన పురుగు విషయంలో ఉన్న దోషమూ, చూడకుండా నడిచేవాడి దోషమూ ఒకటి కావని దాని తాత్పర్యం. అహింసను పరమధర్మంగా పాటించిన మతం నుంచి ఆయుధధారికి పాఠం తీసుకోవడం విచిత్రమనిపించవచ్చు. కాని సరిహద్దులో కాపలా ఉన్నవాడు, నేరస్థుడిని నిలువరించవలసిన పోలీసు, తమ విధిని పక్కనపెట్టే స్వేచ్ఛ లేనివాళ్లు. హింసలో వారికి మిగిలిన ధర్మమంతా ఏమరుపాటు లేకపోవడంలోనే ఉంది. దసరాల్లో పోలీసు ఆయుధశాలల్లో రైఫిళ్లను శుభ్రపరిచి, వరుసగా నిలిపి, గంధమూ కుంకుమా పెట్టి చేసే ఆయుధపూజకు అర్థం ఈ అప్రమత్తత కాకపోతే, ఆ కుంకుమ ఉక్కుపై మరక మాత్రమే అవుతుంది.

ఈ దృష్టితో చూస్తే ఎంపిక కొంత తేలికవుతుంది, పూర్తిగా కాకపోయినా. పగలూ రాత్రీ వేర్వేరు పరికరాలు వాడవలసినవాడికి, దుర్భిణి చెడితే ఇనుప సైట్లకు వెంటనే మారవలసినవాడికి విడదీయగల బిగింపు న్యాయమైనదే. అయితే ఒక దుర్భిణిని ఒకే తుపాకికి, ఒకే గాడికి, ఒకే మనిషికి కేటాయించి, తీసి పెట్టిన ప్రతిసారీ మొదటి తూటాను అట్టమీద కాల్చి చూసే ఏర్పాటు దానితోపాటు ఉండాలి. ఆ అట్టపై రంధ్రం ఎక్కడ పడిందో తుపాకి సంఖ్యతో పుస్తకంలో రాయించాలి. మూడు నాలుగుసార్లకు ఆ రంధ్రాలు ఒకేవైపు జరుగుతూ వస్తే, తప్పు చేతిలో కాక పట్టాలోనో మీటలోనో ఉందని ఆ పుస్తకమే చెబుతుంది. ఒకే పనికి ఒకే సైటు చాలినవాడికి, ముఖ్యంగా తరచుగా కాల్చి చూసుకునే మైదానం అందుబాటులో లేనివాడికి, స్థిరమైన బిగింపే తగినది, దాని మరలను ఏటా కొలత పానాతో సరిచూడాలన్న నియమంతో సహా. పరీక్షించే మైదానమూ సమయమూ తూటాలూ కేటాయించలేని ఆయుధశాల, ఎంత సౌకర్యంగా ఉన్నా, మీట బిగింపుల జోలికి పోకూడదు. అక్కడ మిగిలే డబ్బు ఎవరి ఒంట్లోంచి వసూలవుతుందో ఆ కొనుగోలుపై సంతకం చేసేవారు ముందుగానే ఆలోచించాలి.